రోడ్డు దాటిన ఎడమ బూటు

మగవాడు ఎక్కడికి వెళుతున్నాడో అతని కాళ్లు చూసి చెప్పడం నా వృత్తి. ఎందుకు వెళుతున్నాడో అడిగి తెలుసుకోవడం నా ప్రవృత్తి. అడగకుండా బూట్లమ్మేవాడు డబ్బు సంపాదిస్తాడేమో గానీ పేరు సంపాదించలేడు. కాలు ముందుకు వేయడాన్నీ, నోరు తెరిచి ప్రశ్నించడాన్నీ ఒక్క మాటతోనే 'అడుగు' అని సరిపెట్టిన ఆ ప్రాచీన తెలుగువాడెవడో కచ్చితంగా మా వ్యాపారంలోవాడే.

నా పేరు కిషన్. ఆబిడ్స్‌లో జీపీఓ గడియారం కనిపించీ కనిపించనట్టుండే చోట, మా తాతగారు పెట్టిన 'లక్ష్మీ పాదుకా భవన్' నాది. బోర్డు మీద పాదుకలన్న మాట చూసి అప్పుడప్పుడూ ఏ భక్తుడో లోపలికొచ్చి హారతి కర్పూరం అడుగుతాడు. వచ్చినవాణ్ణి ఖాళీ కాళ్లతో పంపడం మా ఇంటా వంటా లేదు గనక చెప్పులు చూపిస్తాను. కానీ నిజం కూడా చెబుతాను: గుడికి పాతవే వేసుకెళ్లు నాయనా, దేవుడి ముందు నిలబడి గుమ్మం దగ్గరి కొత్త చెప్పుల్ని ధ్యానించేవాడికి దక్కేది పుణ్యం కాదు, పాదరక్షణ చింత.

ఇలా ఒక్కో సందర్భానికి ఒక్కో శాస్త్రముంది. నాంపల్లి కోర్టులకు పోయే వకీలుకు నల్లబూటు, అదీ మెత్తటి అట్టది. కేసు ఎలాగూ నడవదు, అతనే నడవాలి. ఇంటర్వ్యూకి పోయే కుర్రాడికి చప్పుడు చేయని బూటు. అతను నోరు విప్పకముందే బూటు కిర్రుమని జవాబు చెబితే ఉద్యోగం బూటుకొస్తుంది. అసెంబ్లీ చుట్టూ ప్రదక్షిణం చేసే చోటా నాయకులకు తెల్లబూట్లు. మనిషిలో ఎక్కడో ఒకచోట తెలుపుండాలిగా. పెళ్లిచూపులకు లేసుల బూటు నేను చచ్చినా ఇవ్వను. తిరిగొచ్చేటప్పుడు కాబోయే మామగారి గుమ్మంలో వంగి లేసులు కట్టుకుంటుంటే బొజ్జా, బట్టతలా ఒకేసారి బయటపడతాయి. మూడు ముళ్లకు ముందు ఆ రెండు ముళ్లు ఎవడు వేయమన్నాడు?

అందరి సందర్భాలూ నాకు తెలుసు. నాకే ఏ సందర్భమూ రాలేదు. చెల్లెళ్ల పెళ్లిళ్లు కానీ అన్నారు, అయ్యాయి. నాన్న మంచం దిగనీ అన్నారు, ఆయన దిగలేదు, ఏళ్ల తరబడి. కాలు జారే వయసులో కాలమే జారిపోయింది. చూస్తుండగా యాభై దాటాయి. గద్దె మీద లక్ష్మీదేవి పటం ఉంది గనక మా కొట్లో మేమంతా చెప్పులు బయటే విడిచి ఒట్టి కాళ్లతో తిరుగుతాం. ఊరందరికీ బూట్లు తొడిగేవాడు రోజంతా పాదచారి, అదీ అచ్చంగా పాదాలతోనే. బయట విడిచేవి కూడా ఏమంత ఘనమైనవి కావు, నీలం పట్టీల హవాయి చెప్పులు. ఏళ్ల వాడకానికి వాటి మీద నా వేళ్లూ మడమా అచ్చుపడిపోయాయి. కొట్టు మీద నాకున్న హక్కు దస్తావేజు కంటే ఆ చెప్పుల మీదే స్పష్టంగా ఉంటుంది.

మా కొట్టుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల 'స్వర్ణ షేర్వానీస్'. ఆ పేరు పెట్టిన భర్త ఎప్పుడో పోయాడు. పేరుగలావిడ మెడలో టేపు వేసుకుని కొట్టు నిలబెట్టింది. జనగామ వైపు ఊరు. నలభై ఆరో, ఏడో ఉంటాయి. స్వర్ణగారు కత్తెర పట్టుకుంటే పక్కనున్నవాళ్లు మాట్లాడటం ఆపేస్తారు. నేనైతే రోడ్డుకు ఇవతల నుంచి చూస్తూనే ఆపేస్తాను. ఆ విషయం మా బిచ్చయ్య కాకా ఒక్కడికే తెలుసు.

బిచ్చయ్య కాకా మా నాన్న కాలం నుంచీ మా సేల్స్‌మన్. నన్ను చిన్నప్పుడు భుజాన మోశాడు గనక ఇప్పటికీ 'చిన్న సేఠ్' అంటాడు. తిట్టేటప్పుడు కూడా 'చిన్న' తగ్గదు.

ఆ కొట్టుకీ మా కొట్టుకీ మధ్య ఒక పద్ధతి ఉండేది. పెళ్లికొడుకు షేర్వానీ అక్కడ కుట్టించుకుంటాడు. దానికి తగ్గ జోడు కోసం స్వర్ణగారు ఆ గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి, చొక్కా జేబుకు పిన్నుతో గుచ్చి, మా దగ్గరికి పంపుతారు. నేను ముక్క చూసి జోడు ఎంచుతాను. అందులో ఎడమకాలిది మాత్రం బిచ్చయ్య కాకా చేతికిచ్చి రోడ్డు దాటిస్తాను. ఒక్క బూటునైతే ఎవడూ ఎత్తుకుపోడు కదా. ఆవిడ దాన్ని షేర్వానీ అంచు కింద పెట్టి చూస్తారు. నచ్చితే గుడ్డముక్కను బూటు మీద పిన్నుతో గుచ్చి పంపుతారు. నచ్చకపోతే ముక్కను లోపల కుక్కి పంపుతారు. అంతే. ఫోనుల్లేవు, ఫోటోల్లేవు. ఫోటోలో రంగులు అబద్ధమాడతాయని ఆవిడ వాదన.

ఒకసారి ఓ సాఫ్ట్‌వేర్ పెళ్లికొడుకు నీలిరంగు ముక్క జేబుకు గుచ్చుకుని వచ్చాడు.

"అంకుల్, నాకు ఆఫీస్ బ్లాక్ షూస్ ఉన్నయ్. అవే ఏస్కుంటే ఏమైతది?"

"ఏం గాదు బాబూ. పీటల మీద పిల్ల నీ కాళ్లు చూసి, లీవు ఎన్ని దినాలు సాంక్షనైందని అడుగుతది."

పిల్లవాడు నవ్వాడు. బంగారు జరీ మోజడీ జోడు తీశాను. ఎడమది రోడ్డు దాటింది. కాసేపటికి పిన్నుతో తిరిగొచ్చింది. బిచ్చయ్య కాకా ఆ పిన్ను చూపిస్తూ నా మొహంలోకి చూశాడు.

"పిల్లగానికి కుదిరింది. నీకే కుదుర్తలేదు చిన్న సేఠ్."

"నాకేం కుదరాలె కాకా?"

"ఏం లేదు తియ్. చాయ్ తాగుదాం."

ఏళ్ల తరబడి మా ఇద్దరి సంభాషణంతా ఆ గుడ్డముక్కల్లోనే జరిగింది. నేను పంపిందాన్ని ఆవిడ చేతిలోకి తీసుకుంటారు, తిప్పి చూస్తారు, అంచు తడుముతారు, ఔననో కాదనో చెబుతారు. ఆ బూటు స్థానంలో నేనుంటే బాగుండునని అనుకున్న రోజులున్నాయి. లోకంలో మనిషన్నవాడు బూటు మీద అసూయపడ్డ ఘట్టం ఇదొక్కటే అయివుంటుంది.

మనిషిగా ఆవిడకు దగ్గరగా కూర్చునే అవకాశం ఒక్కసారే వచ్చింది. ఒక ఏడాది నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో మా రెండు స్టాళ్లూ పక్కపక్కనే పడ్డాయి. నాంపల్లి గ్రౌండ్‌లో సాయంత్రం నీళ్లు చల్లిన మట్టివాసన, మిర్చీబజ్జీల నూనె వాసన, పిల్లల రైలు కూత. జనం పలచబడ్డప్పుడు ఆవిడ స్టూలు మా వైపు జరుపుకున్నారు.

"కిషన్ గారూ, ఒకటి అడగాల్నా?"

"అడగడం మా దుకాణం హక్కు. మీరు గుంజుకుంటే మేమెట్ల బతకాలె?"

"జర జోకులు ఆపి వినున్రి. ఊర్లె అందరిని యాడికి పోతున్నవ్, ఎందుకు పోతున్నవ్ అని అడిగి బూట్లిస్తరు. మీ కాళ్లకు ఎప్పుడు చూడు గా హవాయి చెప్పులే."

"నేను యాడికి పోత? ఇంటి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి. గీ నడుమ బూటెందుకు?"

"గట్లెందుకనుకోవాలె? బూట్లు తయారుగుంటే పోయే జాగ గూడ కనబడతదేమో."

ఆమె మాట నేలమీద పడకముందే అందుకోవాల్సిన మాట ఒకటుంది. అది నా గొంతు దాకా వచ్చింది కూడా. కానీ నా నోరు ఎలాంటిదంటే, లోపల్నుంచి మనసు ఎంత పెద్దమాట పంపినా గుమ్మం దగ్గర దానికి విదూషకుడి టోపీ పెట్టి గానీ బయటికి వదలదు.

"బూట్లేస్తే నా కాళ్లకు ఊపిరాడదండీ. ముక్కులు లేవు కదా పాపం" అన్నాను.

స్వర్ణగారు నవ్వారు. బాగానే నవ్వారు. తర్వాత స్టూలు మళ్లీ అటు జరుపుకున్నారు.

చెప్పులమ్మేవాడికి చెప్పడం రాదన్న చమత్కారం మా నాన్న కాలానికే అట్ట అరిగిపోయింది. అయినా ఆ రాత్రంతా నాకు నిద్రపట్టనీయకుండా కరిచింది అదే. కొత్త బూటు కరిస్తే నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది. ఇలాంటి మాట మెత్తబడదు.

ఈ ఏడు ఎండాకాలంలో బిచ్చయ్య కాకా చాయ్ తాగొస్తూ కబురు మోసుకొచ్చాడు. అవతలి బిల్డింగు కూలగొడుతున్నారట. స్వర్ణగారు కొట్టును కూకట్‌పల్లికి మారుస్తున్నారు. ఇల్లూ అక్కడే తీసుకున్నారు. శ్రావణం పెళ్లిళ్లయ్యాక ప్రయాణం.

"మంచిదే కదా కాకా, గాడ ఫంక్షన్ హాళ్లు మస్తుంటయ్."

"ఔ, మంచిదే. ఆమెకు మంచిదే. నీకేం మంచిదో చెప్పు."

నేను చేతిలో ఉన్న బూటుకు పాలిష్ పెడుతూ ఉండిపోయాను. కాసేపయ్యాక చూస్తే అది స్వెడ్ బూటు. దానికి పాలిష్ పెట్టకూడదు.

శ్రావణం ముగుస్తుండగా ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి బిచ్చయ్య కాకా కౌంటరు మీద ఒక చీపురుపుల్ల పెట్టుకుని కూర్చున్నాడు. దాని చుట్టూ దారం చుట్టి ఉంది. పక్కన లేత గోధుమరంగు గుడ్డముక్క.

"ఏంది కాకా గిది? ఊడ్చుడు మర్చిపోయి పుల్ల దాచినవా?"

"స్వర్ణమ్మ పంపింది. ఆఖరి ఆర్డరట."

ఊళ్లలో ఈ పద్ధతి తెలిసిందే. మనిషి దుకాణానికి రాలేకపోతే అతని పాదం పొడవుకు చీపురుపుల్ల తుంచి, పాదం చుట్టుకొలతకు దారం తెంపి, ఎవరో ఒకరు పట్నానికి తెస్తారు. మా తాత కాలంలో సగం బేరాలు పుల్లల మీదే జరిగేవి. కానీ మెడలో టేపు వేసుకు తిరిగే మనిషి పుల్లతో కొలిచి పంపడమేమిటో నాకర్థం కాలేదు.

పుల్లను కొలత పలక మీద పెట్టాను. ఎనిమిదో నంబరు. దారం చుట్టి చూశాను. ముందుభాగం వెడల్పు ఎక్కువ. బూటులో పెరిగిన పాదం కాదిది, విచ్చలవిడిగా పరుచుకున్న పాదం. రోజంతా నిలబడేవాడిది.

"ఎవరిదట కాకా?"

"చెప్పలే."

"సందర్భమేందో అడిగినవా?"

"అడిగిన. పెండ్లి గాదు, కోర్టు గాదు, నౌకరీ గాదన్నది. ఒక మనిషి ఇంకో మనిషి ఇంటికి పోవాలె. గుమ్మం బయట బూట్లిడ్వాలె. లోపల కూసోని నిమ్మలంగ మాట్లాడాలె. గా సందర్భానికి అన్నది."

విప్పిన దారాన్ని మళ్లీ పుల్లకు చుట్టాను.

"ఎవరింటికి?"

"ఆమె ఇంటికే గావచ్చు. నాకేమెర్క?"

అప్పుడర్థమైంది. కూకట్‌పల్లిలో కొత్త ఇల్లు. ఆ ఇంటికి ఎవరో వస్తాడు. గుమ్మం బయట బూట్లు విడుస్తాడు. లోపల కూర్చుని నిమ్మళంగా మాట్లాడతాడు, టోపీ పెట్టని మాటలు. ఆ అదృష్టవంతుడి బూటు ఎంచే బాధ్యత మాత్రం నాది.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఏడో నంబరు వైపు చెయ్యి పోయింది. వేళ్లు నొక్కుకుపోయి, వెధవ గుమ్మం దాకా కూడా రాలేక మెట్ల మీదే కూలబడాలి! కానీ మూడు తరాల కొట్టు. చెయ్యి దానంతటదే ఎనిమిదికి వచ్చేసింది.

ఇంకొకరి ఇంటికి వేసుకెళ్లే బూటు అన్నిటికంటే కష్టమైన ఎంపిక. మిగతా బూట్లన్నీ మనిషి నిలబడ్డప్పుడు చూస్తారు. దీన్ని మనిషి లోపలికి పోయాకే చూస్తారు. ఖాళీగా, నోరు తెరుచుకుని, లోపలి లైనింగంతా కనబడేటట్టు గుమ్మంలో కూర్చుంటుంది. మనిషి లోపల ఎన్ని గొప్పలు చెప్పినా బయట అతని అసలు సంగతి అదే చెబుతుంది. కాబట్టి పైన ఎంత నున్నగా ఉందో, లోపల అంత శుభ్రంగా ఉండాలి. లేసులుండకూడదు. ఇట్టే విడిచేటట్టుండాలి, ఇట్టే తొడుక్కునేటట్టు ఉండకూడదు. ఆ మనిషి తొందరగా పోకూడదు కదా.

మొదట నల్ల లోఫర్ పంపాను. ముక్క లోపల కుక్కి తిరిగొచ్చింది.

"ఏమన్నది?"

"వచ్చెటాయన సమన్లు ఇయ్యొస్తలేడు, మాట్లాడొస్తుండు అన్నది."

కుచ్చులున్నది పంపాను. మళ్లీ లోపలే వచ్చింది ముక్క.

"గింత మెరిస్తే మనిషి కనబడడట."

అప్పుడు పైఅర ఎక్కి, ఎవరికీ చూపించకుండా దాచుకున్న జోడు ఒకటి దించాను. ఎండుటాకు రంగు తోలు, లోపల లేత లైనింగ్, వెడల్పు ముందుభాగం. ఎవరి కోసం దాచానో నాకే తెలియదు. తెరిచి చూసుకోవడం, మూయడం, అంతే. గుడ్డముక్క పక్కన పెడితే ఒకే చెట్టుకు పుట్టినట్టున్నాయి. ఎడమది బిచ్చయ్య కాకా చేతిలో పెట్టాను. బస్సులకీ ఆటోలకీ మధ్య అతను దాన్ని గుండెకు ఆనించుకుని రోడ్డు దాటడం చూశాను.

కాకా ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. పిన్నుతో గుచ్చిన ముక్క మాత్రం ఉంది. బూటు లేదు.

"నచ్చింది. ఎడమది తన కాడనే ఉంటదట. కుడిదానికి కస్టమరే వస్తడట."

కస్టమర్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ వారమూ రాలేదు. కుడి బూటును అద్దాల అరలో పెట్టాను.

స్వర్ణగారి సామాను లారీకెక్కిన రోజున మా కొట్టు నిండా జనం. షేర్వానీలు తొడిగే బొమ్మలన్నీ లారీ మీద నిలబడ్డాయి. నడుము దాకానే ఉన్న మగవాళ్లు, కాళ్లు లేనివాళ్లు. మా వ్యాపారానికి దమ్మిడీ ఉపయోగం లేనివాళ్లని ఎప్పుడూ వెక్కిరించేవాణ్ణి. ఆ రోజు వాళ్లు ఆవిడతో వెళుతున్నారు, కాళ్లుండీ నేను ఇక్కడున్నాను.

ఆవిడ డ్రైవరు పక్కన ఎక్కబోతూ ఆగి ఇటు చూశారు. చెయ్యెత్తారు. ఆ చేతిలో టేపుంది. నా చేతిలో ఎవరో ట్రావెల్ ఏజెంటు పాదముంది. వదిలేసి లేచేలోపు సిటీ బస్సు ఒకటి అడ్డం వచ్చి ఆగింది. అది కదిలేసరికి లారీ లేదు.

"సార్, టైటుగున్నది" అన్నాడు ట్రావెల్ ఏజెంటు.

"నాక్కూడా" అన్నాను.

ఆ తర్వాత నాకొక జబ్బు పట్టుకుంది. కొట్లోకి ఎవరొచ్చినా ముందు పాదాలు చూసేవాణ్ణి. ఎనిమిదో నంబరా? వెడల్పా? ఒక బ్యాంకు మేనేజరు మీద అనుమానం వచ్చింది. ఎనిమిదే, కానీ సన్నం. నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జి నడిపే ఆయన వెడల్పే, కానీ పది. ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేసే వాళ్ల కాళ్ల వంక కూడా తొంగి చూశాను. ఒకాయన పుస్తకం మూసి, "ఏంది సార్, ఏమన్న పడ్డదా?" అన్నాడు. పడ్డదే, కానీ అక్కడ కాదు.

అద్దాల అరలోని బూటును ఎవరైనా అడిగితే అమ్మకానికి కాదనేవాణ్ణి. "ఇంకోటి ఏది?" అంటే "బయటికి పోయింది, వస్తది" అనేవాణ్ణి. రోజూ పొద్దున్నే దాని మీద దుమ్ము తుడిచేవాణ్ణి. రోడ్డవతల గోడలు కూలాయి, ఆకాశం మాత్రం కొంచెం ఎక్కువగా కనబడుతోంది. గుడ్డముక్కలిక ఎవరూ తేరు. పెళ్లికొడుకులు ఫోనులో రంగు చూపించి ఏది ఇస్తే అది తీసుకుపోతున్నారు. ఫోటోలో రంగులు అబద్ధమాడతాయని వాళ్లకెవరు చెబుతారు?

దసరా వచ్చింది. ఆ పొద్దున కొట్లో పనిముట్లకు పూజ చేయడం మా ఆచారం. కొలత పలక, సుత్తి, తోలు కత్తి, అన్నిటికీ బిచ్చయ్య కాకా పసుపూ కుంకుమా పెట్టాడు. అద్దాల అర తెరిచి కుడి బూటు తీసి కాసేపు దాన్నే చూశాడు. తర్వాత జేబులోంచి జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ ఇచ్చాడు. కౌగిలి వదలకుండానే అన్నాడు:

"చిన్న సేఠ్, ఇగ నాతోని గాదు. ఆమెకు మాటిచ్చిన గని, నువ్వు గింత మొద్దోనివని అప్పుడు నాకెరుకలేదు."

"ఏమైంది కాకా?"

"గీడ కూసో. కాలు పెట్టు."

"ఎందుకు?"

"పెట్టు అన్న!"

చిన్నప్పుడు నాకు మొదటి బూటు తొడిగిన చేతులవి. ఎదురు చెప్పలేకపోయాను. బెంచీ మీద కూర్చుని కుడికాలు చాచాను. కాకా మోకాళ్ల మీద వంగి ఆ ఎండుటాకు రంగు బూటు తొడిగాడు. అది జారింది, ఆగింది, కూర్చుంది. వేళ్ల దగ్గర వేళ్లకు చోటుంది. మడమ దగ్గర మడమకు పట్టుంది. ఊళ్లో ఏ పాదం చూసినా నంబరు చెప్పగలిగేవాణ్ణి, నా పాదం నంబరు నేనెన్నడూ చూసుకోలేదు. హవాయి చెప్పులకు నంబరేమిటి, చేతికందినవి వేసుకున్నాను.

"నువ్వు బువ్వకు పోయినప్పుడు స్వర్ణమ్మ గీడికొచ్చింది" అన్నాడు కాకా, ఇంకా నేల మీద కూర్చునే. "నీ చెప్పులు బయటనే ఉండె, ఆ దినం నువ్వు నా చెప్పులేస్కపోయినవ్. బయట మెట్టు మీద కూసున్నది. చెప్పు మీద నీ కాలు అచ్చున్నది గదా, గా అచ్చు ఎంబడి పుల్ల తుంచింది, పట్టీ ఎంబడి దారం తెంపింది. టేపు తీస్తే రోడ్డు మీదోళ్లు చూస్తరని పుల్ల. ఆయనకేం చెప్పకు కాకా, బూట్లాయన గదా, తన కాలు తనే గుర్తుపడతడు అన్నది. నేను గూడ నిజమే అనుకున్న."

నేను ఏదో అనాలని నోరు తెరిచాను. ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఆ టోపీ కోసం లోపలంతా వెతికాను. దొరకలేదు.

"గిన్ని దినాలాయె. ఇప్పుడు పోతే ఏమనుకుంటది కాకా?"

"నువ్వు అనుకునుడు ఆపు. పండుగ పూట జమ్మి పట్టుకోని ఎవరింటికన్న పోవచ్చు. పిల్లి గూడ అడ్డం రాదు."

"బూటు తీసి డబ్బాల పెట్టు. చేతిల పట్టుకపోత."

"తియ్యనియ్య. తీస్తే మళ్ల ఏస్కోవు. గట్లనే పో."

గట్లనే పోయాను. కుడికాలికి ఎండుటాకు రంగు లోఫర్, ఎడమకాలికి నీలం పట్టీ హవాయి చెప్పు, చొక్కా జేబులో జమ్మి ఆకు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి మెట్రో దాకా ఒక కాలు టక్కుమంటే ఇంకో కాలు టపామంది. నా సగం పెళ్లివారింటికి పోతుంటే నా సగం పాలప్యాకెట్టుకు పోతున్నట్టుంది. మెట్రోలో పక్కనున్న కుర్రాడు చాలాసేపు ఉగ్గబట్టుకుని, ఎర్రమంజిల్ దాటాక అడిగేశాడు.

"సార్, కాలికి దెబ్బ తగిలిందా?"

"దెబ్బే బాబూ. కాలికి గాదు."

అతను ఫోను జేబులో పెట్టి నాకు సీటిచ్చాడు.

కూకట్‌పల్లిలో కాకా చెప్పిన గుర్తుల ప్రకారం వెతికి ఆ అపార్ట్‌మెంటు పట్టుకునేసరికి సాయంత్రపు ఎండ వాలింది. గేటు దగ్గర వాచ్‌మన్ బంతిపూల తోరణం సరిచేస్తున్నాడు. స్వర్ణగారి ఇల్లన్నాను. షేర్వానీలు కుడతారన్నాను. అతను నా పాదాల వంక చూశాడు, మొహం వంక చూశాడు, మళ్లీ పాదాల వంక చూశాడు.

"ఒంటి బూటు మేడమ్ ఇల్లా సార్?"

"ఒంటి బూటు?"

"వచ్చిన కాంచి గుమ్మం బయట ఒక్క బూటే పెడతది సార్. ఎడమది. పొద్దుగాల పెడతది, రాత్రికి లోపలికి తీస్తది. నేనే అడిగిన, మేడమ్, ఆడమనిషి ఒక్కతే ఉంటే మగోళ్ల చెప్పులు బయట పెట్టుకుంటరు గని జత పెట్టుకోవాలె గదా అని. రెండోది దుకాణంల ఉన్నది, వస్తది అన్నది." అతను మళ్లీ కిందికి చూసి గొంతు తగ్గించాడు. "మూడో అంతస్తు సార్. లిఫ్టున్నది."

లిఫ్టు ఎక్కలేదు. మెట్లే ఎక్కాను. టక్కు, టపా, టక్కు, టపా. ఇన్నాళ్లూ రోడ్డు దాటనివాణ్ణి, మూడంతస్తులు ఎక్కడానికి కొంచెం సమయం కావాలి కదా.

తలుపు మూసే ఉంది. లోపల కుట్టుమిషను నడుస్తోంది, పండుగ పూట కూడా. గుమ్మం పక్కన, ముగ్గు తొక్కకుండా, గోడకు ఆనించి ఎడమ బూటుంది. దాని మీద దుమ్ము లేదు. నేను అక్కడ తుడిచినట్టే ఎవరో ఇక్కడ తుడిచారు. దాని పక్కన ఇంకొక బూటు పట్టేంత చోటు వదిలి ఉంది.

హవాయి చెప్పును మెట్ల మూలకు నెట్టేశాను. కుడి బూటు విడిచి, ఆ ఖాళీలో పెట్టాను. రెండూ ఒకేవైపు చూస్తూ నిలబడ్డాయి. కొట్లో ఎన్ని వేల జతలు సర్దాను, నా జత సర్దుకోవడం ఇదే మొదలు.

మిషను ఆగింది.

"ఎవరు?" అని లోపల్నుంచి.

నోట్లో మాటలు క్యూ కట్టాయి. ఒక్కొక్కటీ ఎంత నవ్వు తెప్పించేదో నాకు తెలుసు. అన్నిటినీ బూట్లలాగే బయట విడిచేశాను.

"నేనే. కిషన్‌ను."

లోపల స్టూలు జరిగింది. తర్వాత అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి అక్కడ ఆగింది. గొళ్లెం మాత్రం తీయలేదు.

"సందర్భమేంది?" అన్నది స్వర్ణ గొంతు, తలుపుకు అవతల, చాలా దగ్గరగా.

జేబులో జమ్మి ఆకుంది. పండుగనొచ్చు. దారిలో పోతూ వచ్చాననొచ్చు.

"లోపలికొచ్చి, కూసోని చెప్త" అన్నాను.